స్కారబ్ దొరికిన ప్రతిచోటా ఈజిప్టు రాజ్యం ఉన్నట్టేనా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. 2025లో ఇజ్రాయెల్‌లో తెల్ అజెకా అనే దిబ్బ దగ్గర మూడేళ్ళ పాప నడుస్తూ నడుస్తూ కిందనుంచి ఒక చిన్న రాయి తీసింది, అది 3800 ఏళ్ళ నాటి స్కారబ్ ముద్ర అని తేలింది, గుర్తుందిగా ఆ వార్త. అది ఇప్పుడు మళ్ళీ వాట్సాప్‌లో తిరుగుతోంది, కింద జనం "అప్పట్లోనే ఈజిప్టోళ్ళు అక్కడిదాకా ఏలారన్నమాట" అని తీర్పులు ఇచ్చేస్తున్నారు. పేడపురుగు ఆకారంలో ఉన్న గోరంత రాయి దొరికితే ఏలినట్టేనా, లేక వ్యాపారం చేసినట్టా, లేక ఎవరో మెళ్ళో వేసుకుని తిరుగుతూ పారేసుకున్నట్టా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. మతం, ఇప్పటి రాజకీయాలు వద్దు ప్లీజ్.

శాసనాల_శీను:
ముందు ఆ వార్తే సరిగ్గా చదివితే సగం గొడవ ఉండదు. ఆ స్కారబ్‌ని చూసిన నిపుణురాలు డాఫ్నా బెన్-తోర్, ఆవిడ అది కనానీయుల స్కారబ్ అనే చెప్పారు. అంటే ఈజిప్టు మోడల్ చూసి లోకల్‌గా చేసుకున్న కోవలోది. క్రీ.పూ. 1700 ప్రాంతంలో పాలస్తీనా వైపు ఇలాంటివి తెగ చేసేవాళ్ళు, పెట్రీ అనే పురావస్తు పరిశోధకుడు తవ్విన తెల్ అల్-అజ్జూల్ అనే ఒక్క చోటే వెయ్యికి పైగా స్కారబ్‌లు బయటపడ్డాయి. వాటిలో చాలావాటి మీద హైరోగ్లిఫ్ (ఈజిప్టు బొమ్మల లిపి) అక్షరాలు ఉంటాయి కానీ చదివితే అర్థం ఉండదు, చూడ్డానికి బావున్నాయని చెక్కారంతే.

కొత్తసభ్యుడు77:
చదవలేని అక్షరాలు ఎందుకు చెక్కుతారు బ్రో, పనిలేకనా

శాసనాల_శీను:
చదవడానికి కాదు తమ్ముడూ, రక్షకి. తాయెత్తు మీద గీసిన యంత్రంలో ఏం రాసుందో కట్టుకున్నవాడికి తెలుస్తుందా ఏంటి.

మట్టిబిళ్ళ:
మంచి ప్రశ్న వేశారు గోదారిగట్టు గారూ. నేను చెప్పేదొకటే, సీలు వేరు, సీలు వేసిన మట్టి వేరు, ఈ రెండింటినీ కలిపేస్తేనే ఇలాంటి తీర్పులు వస్తాయి. సీలు అనేది చేతిలో పట్టే రాయి, అది కొడుకుకి పోతుంది, అల్లుడికి పోతుంది, దొంగకి పోతుంది, సముద్రం దాటి ఇంకో దేశంలో పూసలదండలో చేరిపోతుంది. మట్టి అలా కాదు. జాడీ మూతికి గుడ్డకట్టి, తాడు చుట్టి, ముడి మీద తడిమట్టి ముద్ద అతికించి దాని మీద సీలు దొర్లిస్తారు లేదా నొక్కుతారు. తెరవాలంటే ఆ మట్టిని పగలగొట్టాల్సిందే, పగిలిన ముక్క అక్కడే చెత్తలో పడుతుంది. దాన్ని ఎవడూ దాచుకోడు, అమ్ముకోడు, మెళ్ళో వేసుకోడు. కాబట్టి పగిలిన మట్టి ముక్క దొరికిందంటే ఆ చోట ఫలానా ఆఫీసరు సీలున్న సరుకు ఒకటి తెరిచారు అని గట్టిగా చెప్పొచ్చు.

ఇంకా అసలు మజా ఆ ముక్కని తిరగేస్తే ఉంటుంది. ముందువైపు రాజుగారి పేరు ఉంటే మ్యూజియం వాళ్ళు దాన్నే ఫొటో తీస్తారు, వెనకవైపు మాత్రం తాడు ముడి, గోనె నేత, తోలు మడత, చెక్కపెట్టె గుబ్బ, పపైరస్ నార, ఇవన్నీ అచ్చుపడి ఉంటాయి, మట్టి నొక్కినవాడి వేలిముద్రతో సహా. సంచీకి వేశారా, తలుపు గడియకి వేశారా, ఉత్తరానికి వేశారా అనేది వెనకవైపు చెప్తుంది. తలుపుకి వేసిన సీలయితే అక్కడ రోజూ తలుపు తీసి మూసే మనిషి ఒకడు ఉన్నట్టు, అది ఎక్కడినుంచో వచ్చిన సరుకు మీది సీలు కాదు.

డల్లాస్_పంతులు:
బాగా చెప్పారు. మన దగ్గర ఎలక్షన్ అయ్యాక పెట్టెకి లక్క ముద్ర వేసి ఏజెంట్లతో సంతకం పెట్టిస్తారు కదా, అదే లాజిక్కు.

గోదారిగట్టు:
మట్టిబిళ్ళ గారూ, అయితే ఈజిప్టు బయట ఇలా మట్టి ముక్కలు దొరికిన చోటు ఏదైనా ఉందా? ఉంటే అది చెప్పండి, సిద్ధాంతం అర్థమైంది.

మట్టిబిళ్ళ:
ఉంది, బ్రహ్మాండమైనది. ఎన్ బెసోర్. దక్షిణ ఇజ్రాయెల్‌లో గాజాకి అటుపక్క, బెసోర్ వాగు దగ్గర ఒక నీటిఊట ఉంది, ఈజిప్టు నుంచి సినాయ్ దాటి వచ్చే గాడిదల గుంపులకి అక్కడ నీళ్ళు దొరికేవి. 1970లలో రామ్ గోఫ్నా అనే ఆయన తవ్వితే ఓ పచ్చి ఇటుకల కట్టడం బయటపడింది, పెద్దదేం కాదు. అందులో సుమారు 90 మట్టి సీలు ముక్కలు. అన్నీ ఈజిప్టు సిలిండర్ సీల్స్‌తో, అంటే గొట్టంలా గుండ్రంగా ఉండే ముద్రలతో దొర్లించినవే, కాలం మొదటి రాజవంశం, అంటే దాదాపు క్రీ.పూ. 3000, పిరమిడ్లు కట్టడానికి ఇంకా కొన్ని వందల ఏళ్ళు ఉంది.

ఇక్కడిదాకా విని, ఈజిప్టు నుంచి సీలు వేసిన సరుకు వచ్చింది, ఇక్కడ తెరిచారు అనుకోవచ్చు. కానీ ఆ మట్టిని పరీక్ష చేశారు. నైలు మట్టి కాదది, అక్కడి లోకల్ మట్టే! అంటే సరుకు ఈజిప్టులో సీలై రాలేదు, సీలు పట్టుకున్న ఈజిప్టు ఉద్యోగే వచ్చి కూర్చున్నాడు, పక్కన వాగులోంచి మట్టి తెచ్చుకుని, అక్కడి స్టోరుకి వచ్చేపోయే సంచులకి, జాడీలకి సీలు వేసుకుంటూ ఉద్యోగం చేశాడు. ఒక్క మట్టి పరీక్షతో కథ మొత్తం తిరిగిపోయింది. నా దృష్టిలో ఈ మొత్తం సబ్జెక్టులో ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు, తెల్ ఎరానీలో, అరాద్‌లో కుండపెంకుల మీద గీసిన నర్మెర్ అనే తొలి ఈజిప్టు రాజు పేరు కంటే కూడా ఇదే గట్టిది, కుండ ఎక్కడికైనా పోతుంది మరి.

శాసనాల_శీను:
ఒక చిన్న అభ్యంతరం. సీలు అక్కడ ఉంది అన్నది ఒప్పుకుంటా. కానీ దాన్ని వాడినవాడు ఈజిప్టువాడే అని ఎలా? లోకల్ మనిషిని ఏజెంటుగా పెట్టి సీలు చేతికి ఇచ్చి ఉండొచ్చు కదా. ఇప్పటికీ అమెరికా కంపెనీ స్టాంపు హైదరాబాద్‌లో మనవాడే వేస్తాడు.

మట్టిబిళ్ళ:
అడగాల్సిన ప్రశ్నే. ఒక్క సీలు అయితే మీరన్నది నిలబడేది. కానీ రకరకాల సీల్స్ అచ్చులు ఉన్నాయి, పైగా ఆ ఇంట్లో దొరికిన కుండల్లో కూడా ఈజిప్టు తరహావి బాగా ఎక్కువ, రొట్టె కాల్చుకునే అచ్చులతో సహా. వంట కూడా వాళ్ళ పద్ధతిలోనే చేసుకున్నారన్నమాట. లోకల్ ఏజెంటు అయితే వాళ్ళావిడ వండే కుండ మారదు కదా.

శాసనాల_శీను:
ఊఁ. రొట్టె అచ్చులకి సమాధానం లేదు నా దగ్గర, ఓకే.

నల్లమట్టి_నేల:
దక్షిణం వైపు కథ ఎవరూ ఎత్తట్లేదేంటి. నూబియా, ఇప్పటి సూడాన్. అక్కడ సీలు మట్టి ఉన్నంత ఇంకెక్కడా లేదు. 12వ వంశం రాజులు, ముఖ్యంగా మూడో సెనుస్రెత్, రెండో జలపాతం దగ్గర వరసపెట్టి కోటలు కట్టించారు, బుహెన్, మిర్గిస్సా, అస్కుత్, ఉరొనార్తి, సెమ్నా ఇలా. ఉరొనార్తి అనేది నది మధ్య లంక, అక్కడ జార్జ్ రైస్నర్ 1928 నుంచి 1930 వరకు తవ్వాడు, సీలు ముక్కలు వేలల్లో దొరికాయి. ధాన్యపు కొట్టు సీలు, ఖజానా సీలు, కోట పేరున్న సీలు, వాటి పక్కనే దాన్ని చెక్ చేసిన గుమాస్తా సొంత స్కారబ్ ముద్ర. అంటే ఆఫీసు సీలు ఒకటి, మనిషి సీలు ఒకటి, రెండూ పడితేనే చెల్లు. పక్క కోటల నుంచి వచ్చిన ఉత్తరాల సీల్స్ కూడా ఉన్నాయి, కాబట్టి ఏ కోట ఏ కోటతో మాట్లాడుకునేదో కూడా గీసుకోవచ్చు.

ఇంకో తమాషా, కొన్ని ముద్దలకి వెనకాల ఏ గుర్తూ ఉండదు, ఉత్త మట్టి తీసుకుని ఊరికే సీలు గుద్దినట్టు. శాంపిల్ కోసం పెట్టుకున్నారని, పోల్చి చూసుకోవడానికని, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. అస్వాన్ డ్యామ్ నీళ్ళలో ఆ కోటల్లో చాలావరకు మునిగిపోయాయి, ఉరొనార్తి కూడా మునిగిందనే అనుకున్నారు, ఆ కోట నీళ్ళకి పైనే ఉందని తర్వాత తెలిసింది, మళ్ళీ తవ్వకాలు మొదలెట్టారు.

డల్లాస్_పంతులు:
నూబియాలో మాత్రం ఏలిన మాట నిజమే అన్నమాట, సందేహం లేదు.

నల్లమట్టి_నేల:
అక్కడ కోటలు, సైన్యం, శిలాశాసనాలు అన్నీ ఉన్నాయి సార్, సీలు లేకపోయినా ఏలారనే తెలుస్తుంది. సీలు వల్ల కొత్తగా తెలిసేది రోజువారీ ఆఫీసు పని.

అమరావతి_అబ్బాయి:
అందరూ ఈజిప్టు నుంచి బయటికి వెళ్ళిన వాటి గురించే మాట్లాడుతున్నారు, లోపలికి వచ్చినవి? మన సింధు ముద్రలు ఈజిప్టులో దొరికాయని ఒక యూట్యూబ్ వీడియోలో చూశా, నిజమేనా?

మట్టిబిళ్ళ:
లేదండీ, సింధు ముద్రలు మెసొపొటేమియాలో దొరికాయి, ఉర్, కిష్ లాంటి చోట్ల. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో షు-ఇలిషు అనే ఆయన సిలిండర్ సీల్ ఉంది, మెలూహా భాష దుబాసీ అని ఆయన హోదా రాసుంది, మెలూహా అంటే సింధు ప్రాంతమనే ఎక్కువమంది లెక్క. ఆ సంబంధం అక్కడివరకే. యూట్యూబ్ వాళ్ళు ఇరాక్‌కి బదులు ఈజిప్టు అనేస్తే వ్యూస్ ఎక్కువొస్తాయి కాబోలు.

కానీ మీ ప్రశ్నలో సగం చాలా విలువైనది, లోపలికి వచ్చిన సీల్స్. అసలు సిలిండర్ సీల్ అనే వస్తువే ఈజిప్టుది కాదు. క్రీ.పూ. 3500 – 3300 మధ్య ఈజిప్టులోని నఖాదా సమాధుల్లో కొన్ని సిలిండర్ సీల్స్ దొరికాయి, వాటి పోలిక మెసొపొటేమియాలోని ఉరుక్ కాలపు సీల్స్‌తో. కొన్ని అక్కడినుంచి వచ్చినవి, కొన్ని చూసి చేసుకున్నవి. అదే కాలంలో లాపిస్ లాజులి కూడా ఈజిప్టు సమాధుల్లో కనబడుతుంది, ఆ నీలిరాయి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్‌షాన్ కొండల నుంచి రావాలి. లూవ్ర్‌లోనే ఉన్న గెబెల్ అల్-అరక్ కత్తి పిడి మీద రెండు సింహాల్ని చెరో చేత్తో ఆపుతున్న గడ్డం మనిషి ఉంటాడు, ఆ గడ్డం, ఆ టోపీ మెసొపొటేమియా ఫ్యాషనే.

గమ్మత్తేంటంటే అదే కాలంలో మెసొపొటేమియాలో ఈజిప్టు వస్తువులు దాదాపు కనబడవు. అంటే ఇటునుంచి ఏం వెళ్ళిందో, బంగారమా, ఇంకేదన్నానా, అది కరిగిపోయే సరుకో కుళ్ళిపోయే సరుకో అయ్యుండాలి.

కొత్తసభ్యుడు77:
అయితే ఈజిప్టోళ్ళు కాపీ కొట్టారన్నమాట 😂 గ్రహాంతరవాసులు నేర్పలేదా

మట్టిబిళ్ళ:
తీసుకున్నారు, తర్వాత సొంతం చేసుకున్నారు. ఆకారం అక్కడిది, దాని మీద చెక్కింది మాత్రం కొద్ది తరాల్లోనే పూర్తిగా వాళ్ళ హైరోగ్లిఫ్‌లు, రాజు పేర్లు, ఉద్యోగాల పేర్లు. ఎన్ బెసోర్‌లో దొర్లించినవి అవే. తర్వాత్తర్వాత సిలిండర్ పక్కకి పోయి స్కారబ్ వచ్చింది, వేలికి ఉంగరంలా పెట్టుకోవచ్చు, గుద్దడం తేలిక.

శాసనాల_శీను:
లోపలికి వచ్చిన వాటిలో తోద్ నిధి చెప్పకపోతే ఎలా. 1936లో లుక్సర్‌కి దక్షిణాన తోద్ గుడి నేల కింద నాలుగు రాగి పెట్టెలు దొరికాయి, మీద రెండో అమెనెమ్‌హత్ పేరు ఉంది. లోపల నలగ్గొట్టిన వెండి గిన్నెలు, గుట్టగా లాపిస్ రాళ్ళు, వాటిలో మెసొపొటేమియా సిలిండర్ సీల్స్ కూడా. ఆ సీల్స్ వాడటానికి రాలేదు, రాయి విలువకోసం వచ్చాయి. పాతనగలు తూకానికి అమ్మినట్టు. ఇప్పుడు దీన్ని చూపించి బాబిలోన్ అధికారి తోద్‌లో కూర్చున్నాడు అంటే ఎంత నవ్వులాటో, అజెకా స్కారబ్ చూపించి ఫారో ఏలాడనడమూ అంతే.

డల్లాస్_పంతులు:
ఆ లెక్కన ఉలుబురున్ ఓడ కూడా. టర్కీ తీరంలో కాష్ దగ్గర మునిగిన ఓడ, 1982లో స్పంజీల కోసం నీళ్ళలోకి దూకే ఒకాయనకి కనబడింది, 1984 నుంచి 1994 వరకు పదేళ్ళు నీళ్ళలో తవ్వారు, జార్జ్ బాస్, తర్వాత జెమాల్ పులాక్. పది టన్నుల రాగి, టన్ను తగరం. అందులో నెఫెర్టిటి పేరున్న బంగారు స్కారబ్ ఒకటి! వినగానే రాణిగారి ఓడ అనిపిస్తుంది. తీరా చూస్తే ఆ ఓడలో ఏడెనిమిది నాగరికతల సామాను కలగాపులగంగా ఉంది, వేరే దేశాల సిలిండర్ సీల్స్ కూడా ఉన్నాయి, పాత బంగారం ముక్కలు కూడా ఉన్నాయి, కాబట్టి ఆ స్కారబ్ తుక్కు బంగారమో, ఎవడో తాయెత్తుగా పెట్టుకున్నదో. కానీ ఒక ఉపయోగం ఉంది, నెఫెర్టిటి రాణి కాకముందు ఆ ఓడ మునగలేదు. అంతకంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పకూడదు.

అమరావతి_అబ్బాయి:
తేదీ కట్టడానికి పనికొస్తుందన్నమాట. అయితే ప్రతి స్కారబ్ తోనూ అలా తేదీ కట్టొచ్చా?

శాసనాల_శీను:
అదే పెద్ద బోల్తా. మూడో తుత్మోస్ పేరు, మెన్‌ఖెపెర్రె, ఆయన పోయిన వందల ఏళ్ళ తర్వాత కూడా స్కారబ్‌ల మీద చెక్కుతూనే ఉన్నారు, శుభం కలుగుతుందని. ఆ పేరు చూసి క్రీ.పూ. 15వ శతాబ్దం అని రాసేస్తే ఎన్నో వందల ఏళ్ళు తేడా వస్తుంది. పైగా క్రీ.పూ. 6వ శతాబ్దంలో నైలు డెల్టాలో గ్రీకులు ఉండే నౌక్రతిస్‌లో ఏకంగా స్కారబ్ ఫ్యాక్టరీయే ఉంది, పెట్రీ 1884-85లో అచ్చులతో సహా బయటికి తీశాడు. అక్కడ తయారైనవి మధ్యధరా అంతా తిరిగాయి.

ఇంకో వైపు చక్కగా పనికొచ్చినదీ ఉంది. ఇటలీలో నేపుల్స్ దగ్గర ఇష్కియా దీవి, పిథెకూసాయ్ అనే పాత గ్రీకు స్థావరం, అక్కడ ఒక పిల్లాడి సమాధిలో బొక్కోరిస్ అనే ఫారో పేరున్న స్కారబ్. ఆయన ఏలింది క్రీ.పూ. 8వ శతాబ్దం చివర్లో, అదీ ఐదారేళ్ళే, పెద్ద పేరున్న రాజూ కాదు, కాబట్టి తర్వాత ఎవరూ పనిగట్టుకుని ఆయన పేరు చెక్కే అవకాశం తక్కువ. ఆ సమాధిలోని గ్రీకు కుండలకి తేదీ కట్టడానికి దీన్ని బాగా వాడుకున్నారు.

గోదారిగట్టు:
అబ్బో, పేరులేని రాజు ముద్రే ఎక్కువ పనికొచ్చింది చూడండి. సరే, రాజుకీ రాజుకీ మధ్య నేరుగా సంబంధం చూపించే సీల్ ఏదైనా ఉందా? వ్యాపారులూ తాయెత్తులూ కాకుండా.

మట్టిబిళ్ళ:
నాకు ఇష్టమైనది నినెవె ముక్క. ఉత్తర ఇరాక్, అస్సీరియా రాజధాని. 19వ శతాబ్దం మధ్యలో లేయర్డ్ కుయుంజిక్ దిబ్బ తవ్వుతుంటే రాజభవనంలో ఒక మట్టి ముద్ద దొరికింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద ఒకపక్క షబాకా ముద్ర, ఈయన కుష్ (నూబియా రాజ్యం) నుంచి వచ్చి ఈజిప్టుని ఏలిన 25వ వంశపు రాజు, కిరీటం పెట్టుకుని చెయ్యెత్తి శత్రువుని కొడుతున్న బొమ్మ, పక్కన ఆయన పేరు. అదే ముద్ద మీద రెండో ముద్ర అస్సీరియా వాళ్ళది. ఒకే తడిమట్టి మీద ఇద్దరి సీల్స్! లేయర్డ్ ఇది రెండు దేశాల సంధిపత్రానికి వేసిన సీలు అయ్యుండొచ్చు అన్నాడు. సంధో, ఉత్తరమో, కానుకల మూటో, లోపలి పత్రం పోయింది కాబట్టి తేలదు, కానీ ఆ రెండు ఆఫీసులు ఒకే మూట మీద చెయ్యి పెట్టాయన్నది మాత్రం కొట్టిపారేయలేం. ఆ తర్వాత క్రీ.పూ. 701లో ఎల్తెకె దగ్గర ఈజిప్టు-కుష్ సైన్యం అస్సీరియా రాజు సెన్నాకెరిబ్‌తో యుద్ధానికి దిగింది, అది వేరే సంగతి.

నల్లమట్టి_నేల:
ఆ యుద్ధం రోజుల నాటిదే ఇంకో మట్టి ముక్క, జెరూసలేంలో యూదా రాజు హిజ్కియాది. 2015లో ఎయిలాత్ మజార్ ప్రకటించారు. అచ్చు గోరంత కూడా ఉండదు, హీబ్రూలో "ఆహాజు కొడుకు హిజ్కియా, యూదా రాజు" అని, మధ్యలో రెక్కలున్న సూర్యుడు, రెండు పక్కలా ఈజిప్టు అంఖ్ గుర్తులు. వెనకాల తాడు గుర్తులు ఉన్నాయి, పపైరస్ చుట్టకి వేసింది. బొమ్మ ఈజిప్టుది, భాష హీబ్రూ, రాజు యూదా. దీన్నిబట్టి ఈజిప్టు ఏలిందని ఎవడూ అనడు, అయినా ఆ రాజు తన సీలుకి ఏ డిజైన్ గొప్పగా అనిపించిందో తెలుస్తోంది.

శాసనాల_శీను:
క్రీటు దీవిలో కూడా అంతే, మెసారా సమాధుల్లో స్కారబ్‌లు వచ్చాయి, ఈజిప్టు తావెరెత్ దేవత, ఆ నీటిగుర్రం మొహం ఆవిడ, అక్కడి సీల్స్ మీదకి ఎక్కి చేతిలో చెంబు పట్టుకున్న వింత జీవిగా మారిపోయింది.

డల్లాస్_పంతులు:
మరి మూడో అమెన్‌హోతెప్ పెద్ద స్కారబ్‌లు? వాటిని సీల్ అనొచ్చా అసలు?

శాసనాల_శీను:
సీల్ కాదు, పేరుకే స్కారబ్, అది గెజిట్ నోటిఫికేషన్. కింద వరసలు వరసలుగా రాత ఉంటుంది. 200కి పైగా దొరికాయి, దక్షిణాన సూడాన్‌లోని సోలెబ్ దగ్గర్నుంచి ఉత్తరాన సిరియాలో ఉగారిత్ దాకా. ఒకదాంట్లో పదో ఏట సిరియా వైపున్న మితాన్ని రాజ్యపు రాజు కూతురు గిలుఖెపా వచ్చిందని, వెంట 317 మంది ఆడవాళ్ళు వచ్చారని గొప్పగా రాయించుకున్నాడు. ఏ దేశంతో ఎలా వియ్యమందారో రాజే చెప్తున్నాడు, ఇంక మనం ఊహించేదేముంది.

మట్టిబిళ్ళ:
ఖయాన్ గొడవ కూడా చెప్పేసి ఊరుకుంటా. ఈయన హిక్సోస్ రాజు, అంటే బయటినుంచి వచ్చి ఈజిప్టు ఉత్తరభాగాన్ని ఏలినవాళ్ళలో ఒకడు, పేరు క్రీటులోని నొసస్‌లో ఒక రాతిపాత్ర మూత మీద, టర్కీలోని హట్టుసాలో అబ్సిడియన్ (నల్ల గాజురాయి) పాత్ర ముక్క మీద, బాగ్దాద్‌లో కొన్న చిన్న సింహం బొమ్మ మీద ఉంది. ఈ మూడు చూసి ఒకప్పుడు ఆయనకి క్రీటు నుంచి బాగ్దాద్ దాకా సామ్రాజ్యమే కట్టబెట్టారు. తర్వాత ఈజిప్టులోనే తెల్ ఎద్ఫులో నదీన్ మొలర్ బృందానికి ఆయన పేరున్న మట్టి సీల్స్ 41 దొరికాయి, అదే చోట 13వ వంశపు నాలుగో సోబెక్‌హోతెప్ పేరున్నవి 9. వీళ్ళిద్దరి మధ్య బోలెడు ఏళ్ళ దూరం ఉందని పుస్తకాల్లో ఉండేది, మట్టి ముక్కలేమో ఒకే గదుల్లో పడున్నాయి. దాంతో కాలక్రమం మీద కొట్లాట ఇంకా నడుస్తోంది. మూడు దేశాల్లోని ఖరీదైన వస్తువులు చెప్పలేనిది చెత్తలో పడిన మట్టి చెప్పింది.

శాసనాల_శీను:
మీకు మట్టి అంటే పక్షపాతం అండీ. మరి ఈజిప్టులోని అబీదోస్ యు-జె సమాధి? 1988లో గుంటర్ డ్రెయర్ తవ్వింది, క్రీ.పూ. 3200 కాలం, 700 వైన్ జాడీలు, వాటి దగ్గర సీలు వేసిన మట్టి ముద్దలు. జాడీలు కనాను ఆకారంలో ఉన్నాయి, అడవి ద్రాక్ష ఈజిప్టులో పెరగదు, మెక్‌గవర్న్ అనే పరిశోధకుడు జాడీల మట్టిని కూడా పరీక్షించి అటువైపుదే అన్నాడు. ఈజిప్టు రాజు కోసం వందల జాడీల వైన్ తెప్పించారన్నది తేలినట్టే కదా.

మట్టిబిళ్ళ:
తేలలేదు. అదే జాడీల మట్టిని సూక్ష్మదర్శినిలో చూసినవాళ్ళు ఈజిప్టు మట్టే అన్నారు, జాడీల ఆకారం చూసి చేసుకున్నవి కావొచ్చని. ఒకే జాడీ, రెండు పరీక్షలు, రెండు దేశాలు. ఎన్ బెసోర్ మట్టి మీద అందరూ ఒక మాట మీద ఉన్నారు, ఇక్కడ లేరు.

శాసనాల_శీను:
మరి వైన్? అత్తిపండు ముక్కలు, జిగురు కలిపిన వైన్ మరకలు ఉన్నాయి లోపల. ఆ కాలంలో ఈజిప్టులో ద్రాక్షతోట ఎక్కడుందో చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

మట్టిబిళ్ళ:
ఎండుద్రాక్ష మూటలుగా తెచ్చి ఇక్కడ నానబెట్టారన్న వాదన కూడా ఉంది శీను గారూ, దానికి మళ్ళీ వేరే టాపిక్ తెరుద్దాం, మోడరేటర్ మనిద్దర్నీ ఇప్పటికే ఒకసారి లాక్ చేశాడు.